రాష్ట్రపతి సంతకం వెనక ఎవరున్నారు?

2025 ఏప్రిల్ 4న తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ శాసనసభలో ఒక ప్రకటన చేశారు. నీట్ పరీక్ష నుంచి రాష్ట్రాన్ని మినహాయించాలంటూ సభ పంపిన బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దక్కలేదన్నది అందులోని సంగతి. చెన్నైలోని పెరంబూరులోనో టి.నగర్‌లోనో ప్లస్ టూ చదివే పిల్లలున్న తెలుగు కుటుంబాలకు అది పేపర్లో చదివి పక్కన పడేసే వార్త కాదు. బిల్లు చట్టమై ఉంటే ప్లస్ టూ మార్కులతోనే మెడికల్ సీటు. కాలేదు కాబట్టి మళ్లీ కోచింగ్, మళ్లీ ఫీజులు, మళ్లీ టెన్షన్. ఏడు కోట్లకు పైగా జనమున్న రాష్ట్రంలో ఎన్నికైన సభ రెండుసార్లు ఆమోదించిన బిల్లును ఢిల్లీలో ఒక్కరు ఎలా కాదనగలరన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది.

కాదన్నది ఆ ఒక్కరు కాదు. ఈ విషయం తెలియాలంటే 2017 జనవరిని గుర్తు చేసుకోవాలి. జల్లికట్టుపై సుప్రీంకోర్టు 2014లో విధించిన నిషేధానికి వ్యతిరేకంగా మెరీనా బీచ్‌లో యువతీ యువకులు రాత్రింబవళ్లు కూర్చున్నారు. కేంద్ర చట్టాన్ని దాటి రాష్ట్రం ఆర్డినెన్స్ తేవాలంటే ముందు రాష్ట్రపతి అనుమతి ఉండాలి. ఫైలు ఢిల్లీలో రెండు మూడు రోజుల్లో మంత్రిత్వ శాఖలన్నీ తిరిగొచ్చింది. జనవరి 21న అప్పటి గవర్నర్ విద్యాసాగర్‌రావు ఆర్డినెన్స్ జారీ చేశారు. 23న సభ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం కూడా ఆలస్యం లేకుండా వచ్చేసింది.

నీట్ బిల్లు కథ దీనికి పూర్తిగా తలకిందులు. 2021 సెప్టెంబర్‌లో సభ ఆమోదించింది. 2022 ఫిబ్రవరిలో గవర్నర్ వెనక్కి పంపారు. అదే నెలలో సభ మళ్లీ ఆమోదించింది. ఆ తర్వాత రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లి, దాదాపు మూడేళ్లు నలిగి, చివరికి తిరస్కారంతో ముగిసింది. రెండు సందర్భాల్లోనూ రాజ్యాంగం అదే, రాష్ట్రపతి భవన్ అదే. మారింది కేంద్ర మంత్రివర్గం వైఖరి.

రాజ్యాంగం 53వ అధికరణం కేంద్ర కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతికి అప్పగిస్తుంది. త్రివిధ దళాల అత్యున్నత అధిపతీ ఆయనే, పార్లమెంటును సమావేశపరిచేదీ ఆయనే, జడ్జీలను నియమించేదీ ఆయనే. ఇక్కడితో చదవడం ఆపేస్తే మహారాజులా కనిపిస్తారు. 74వ అధికరణం దగ్గరికి వచ్చేసరికి చిత్రం మారిపోతుంది. ప్రధాని నాయకత్వంలో మంత్రిమండలి ఉంటుంది, రాష్ట్రపతి దాని సలహా ప్రకారమే నడుచుకోవాలి. మొదట్లో ఈ ‘నడుచుకోవాలి’ అన్నది ఆనవాయితీగానే ఉండేది. 1976లో 42వ సవరణ దాన్ని రాతపూర్వకంగా ఖరారు చేసింది. 1978లో 44వ సవరణ చిన్న వెసులుబాటు ఇచ్చింది: సలహా నచ్చకపోతే మరోసారి ఆలోచించమని రాష్ట్రపతి ఒక్కసారి వెనక్కి పంపవచ్చు. మంత్రివర్గం మళ్లీ అదే సలహా ఇస్తే సంతకం పెట్టక తప్పదు.

మంత్రిమండలి లేకుండా కొంతకాలం రాష్ట్రపతే నేరుగా పాలించలేరా అన్న అనుమానం ఒకప్పుడు ఉండేది. అది మద్రాసు హైకోర్టులోనే మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1970 డిసెంబర్‌లో లోక్‌సభ రద్దయింది. సభే లేనప్పుడు ఆ సభకు జవాబుదారీ అయిన ఇందిరా గాంధీ ప్రధానిగా ఎలా కొనసాగుతారని యు.ఎన్.ఆర్. రావు మద్రాసులో పిటిషన్ వేశారు. 1971 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: సభ ఉన్నా లేకపోయినా మంత్రిమండలి ఉండి తీరాలి, దాని సలహా లేకుండా రాష్ట్రపతి కార్యనిర్వాహక అధికారం వాడడానికి వీల్లేదు. ఆ తీర్పు మరోలా వచ్చి ఉంటే సభ రద్దయిన ప్రతిసారీ ఎవరూ నేరుగా ఎన్నుకోని ఒక వ్యక్తి చేతికి దేశం వెళ్లేది.

అయితే రాష్ట్రపతి చేతిలో ఏమీ లేదా? ఉంది. అది సమయం. ఫైలు మీద సంతకం ఎప్పుడు పెట్టాలో చాలా చోట్ల రాజ్యాంగం చెప్పదు. ఈ పదవికున్న అసలు బలమూ, దాని వల్ల జరిగే అసలు అన్యాయమూ ఇక్కడే ఉన్నాయి.

పార్లమెంటు బిల్లుల సంగతి చూస్తే 111వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఆమోదించవచ్చు, ఆమోదం ఆపవచ్చు, ద్రవ్య బిల్లు కానిదైతే ఒకసారి తిప్పి పంపవచ్చు. ఉభయ సభలు మళ్లీ ఆమోదిస్తే ఇక నిరాకరించే అధికారం లేదు. 2006లో అబ్దుల్ కలాం లాభదాయక పదవుల బిల్లును, అంటే కొన్ని ప్రభుత్వ పదవుల్లో ఉన్న ఎంపీలపై అనర్హత వేటు పడకుండా చూసే బిల్లును, వెనక్కి పంపారు. పార్లమెంటు ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ పంపింది, ఆయన సంతకం పెట్టారు. చాలామంది దాన్ని ఓటమిగా చూశారు. అలా చూడడం సరికాదు. ఆయన తిప్పి పంపడం వల్లే ఆ బిల్లు ఎవరెవరి పదవులు కాపాడడానికి వచ్చిందో దేశమంతా చర్చించింది. ఆ అధికరణం ఉన్నది అందుకే. ఇక 1986లో జ్ఞానీ జైల్ సింగ్ మరో దారి తొక్కారు. ఉత్తరాలు తెరిచి చూసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చే పోస్టాఫీసు సవరణ బిల్లును ఆమోదించలేదు, తిప్పి పంపలేదు, తన దగ్గరే ఉంచేసుకున్నారు. అది ఎప్పటికీ చట్టం కాలేదు. పౌరుల ఉత్తరాల గోప్యతకు ఆయన మౌనం మేలే చేసింది. కానీ మేలు చేసిన మౌనాన్ని చూసి మౌనమంతా మంచిదే అనుకోలేం.

రాష్ట్రాల బిల్లుల దగ్గర ఆ తేడా తెలుస్తుంది. గవర్నర్ ఒక బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు కేటాయిస్తే 201వ అధికరణం వర్తిస్తుంది. గడువు లేదు. తిప్పి పంపితే ఆరు నెలల్లో మళ్లీ పరిశీలించాలన్న షరతు శాసనసభకే పెట్టారు. సభ మళ్లీ ఆమోదించినా రాష్ట్రపతి ఒప్పుకోవాలన్న నియమం లేదు. పార్లమెంటు రెండోసారి అడిగితే రాష్ట్రపతి తల వంచాలి, రాష్ట్ర శాసనసభ రెండోసారి అడిగినా వంచనక్కర్లేదు. ఇది రాజ్యాంగంలో కావాలని పెట్టిన తేడాయే. కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోని విషయాల్లో కేంద్ర చట్టంతో పేచీ వచ్చినప్పుడు చివరి మాట కేంద్రానిదిగా ఉండాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని అర్థం చేసుకోవచ్చు. కారణం చెప్పకుండా ఏళ్ల తరబడి నాన్చడాన్ని మాత్రం ఏ ఉద్దేశమూ సమర్థించదు.

బిల్లు ప్రయాణాన్ని దగ్గరగా చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. జార్జి కోటలోని శాసనసభ నుంచి అది గిండీలోని గవర్నర్ కార్యాలయానికి వెళుతుంది. అక్కడి నుంచి వెళ్లేది నేరుగా రాష్ట్రపతి దగ్గరికి కాదు, కేంద్ర హోంశాఖకు. హోంశాఖ దాన్ని సంబంధిత శాఖలకు పంపి అభిప్రాయం అడుగుతుంది. నీట్ బిల్లు విషయంలో ఆరోగ్య, ఆయుష్, విద్యా శాఖలు. ఆ శాఖల సందేహాలు మళ్లీ చెన్నైకి వస్తాయి. సచివాలయం వివరణ రాస్తుంది, అది మళ్లీ ఢిల్లీకి వెళుతుంది. ఈ తిరుగుళ్లన్నీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ సలహాతో కలిసి ఫైలు రాష్ట్రపతి బల్ల మీదికి చేరుతుంది. ఆ సలహా ఏమిటో ఏ కోర్టూ విచారించకూడదని 74వ అధికరణమే అంటుంది. కాబట్టి జనానికి కనిపించేది చివరి సంతకం, లేదా ఆ సంతకం లేకపోవడం. నిర్ణయించిన వాళ్లు కనపడరు, కనపడేవారు నిర్ణయించలేదు.

2017లో ఇదే తమిళనాడు పంపిన రెండు నీట్ బిల్లుల గతి చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ ఏడాది సెప్టెంబర్‌లోనే వాటికి ఆమోదం నిరాకరించారు. ఆ సంగతి 2019లో మద్రాసు హైకోర్టులో కేంద్రం చెబితేనే బయటికొచ్చింది. ఆ మధ్యలో పిల్లలు పరీక్షలు రాశారు, రాష్ట్రం ఇంకా ఆశ ఉందనే మాట్లాడింది. ‘కాదు’ అన్న ఒక్క మాట చెప్పడానికి కూడా అంత గోప్యత ఎందుకు?

ఈ సమస్య 2025లో సుప్రీంకోర్టులో బద్దలైంది. విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్ల నియామకాలకు సంబంధించినవే ఎక్కువగా ఉన్న పది బిల్లులను గవర్నర్ ఆపేశారు. 2023 నవంబర్‌లో సభ వాటిని మళ్లీ ఆమోదించింది. అప్పుడాయన రాష్ట్రపతికి పంపారు. అక్కడ ఒకటి ఆమోదం పొందింది, ఏడు తిరస్కారానికి గురయ్యాయి, రెండింటిపై ఏమీ తేలలేదు. ఇదంతా నడుస్తుండగా 2023లో వీసీ పదవీకాలం ముగిసిన మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆ కుర్చీ చాలాకాలం ఖాళీగానే ఉంది. తెలుగు శాఖ ఉన్న విశ్వవిద్యాలయమది, ఈ ఊరి తెలుగు పిల్లలు తరతరాలుగా చదువుకున్న చోటు. 2025 ఏప్రిల్ 8న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం ఆ పది బిల్లులకూ ఆమోదం దొరికినట్టే భావించాలంది. ఇలా వచ్చిన బిల్లులపై రాష్ట్రపతి మూడు నెలల్లో తేల్చాలని కూడా గడువు పెట్టింది. రాష్ట్రపతికి కోర్టు గడువు పెట్టడం దేశంలో అదే మొదటిసారి.

మే నెలలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 143వ అధికరణం కింద 14 ప్రశ్నలతో సుప్రీంకోర్టు సలహా కోరారు. నవంబర్ 20న అప్పటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్ నేతృత్వంలోని ఐదుగురి ధర్మాసనం అభిప్రాయం చెప్పింది. రాజ్యాంగంలో లేని గడువును కోర్టు పెట్టలేదు. ‘ఆమోదం దొరికినట్టే’ అనే పద్ధతి చెల్లదు. అయితే గవర్నర్ బిల్లును తిప్పి పంపకుండా ఊరికే తొక్కిపట్టడానికి లేదు, కారణం లేకుండా అంతూపొంతూ లేని జాప్యం జరిగితే ఏదో ఒకటి తేల్చమని కోర్టు ఆదేశించవచ్చు. అక్షరం ప్రకారం చూస్తే ఈ అభిప్రాయాన్ని తప్పుపట్టడం కష్టం. గడువు రాయడం రాజ్యాంగాన్ని సవరించే వాళ్ల పని. ఫలితం మాత్రం రాష్ట్రాలకు కష్టమైనదే: జాప్యం ‘మరీ ఎక్కువ’ అయిందని నిరూపించుకోవడానికి ప్రతిసారీ కోర్టు గుమ్మం ఎక్కాలి.

బిల్లు ఆగితే చట్టం ఆగుతుంది. క్షమాభిక్ష ఫైలు ఆగితే మనిషి ఆగిపోతాడు. 72వ అధికరణం కింద ఉరిశిక్షను తగ్గించే అధికారం రాష్ట్రపతిది. ఇక్కడైనా సొంత నిర్ణయం ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఇందులోనూ ప్రభుత్వ సలహా ప్రకారమే నడవాలని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పింది. చెన్నైకి కూతవేటు దూరంలోని శ్రీపెరుంబుదూరులో 1991 మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఆ కేసులో ఉరిశిక్ష పడిన మురుగన్, శాంతన్, పేరరివాళన్‌ల క్షమాభిక్ష పిటిషన్లు 2000లో రాష్ట్రపతికి వెళ్లాయి. తిరస్కరించింది 2011 ఆగస్టులో. ఆ పదకొండేళ్లలో సుమారు సగం హోంశాఖలో, మిగతా సగం రాష్ట్రపతి భవన్‌లో గడిచాయి. ఆ కాలంలో ముగ్గురు రాష్ట్రపతులు పదవిలో ఉన్నారు. వేలూరు జైల్లో ఉన్నవాళ్లకు ప్రతి ఉదయం అదే చివరిదేమోనన్న భయం.

2011 సెప్టెంబర్ 9న ఉరి అని తేదీ ఖరారైంది. ఆగస్టు 30న మద్రాసు హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది. అదే రోజు శాసనసభ, రాష్ట్రపతి పునరాలోచించాలని తీర్మానం చేసింది. 2014 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు ఆ ముగ్గురి శిక్షను యావజ్జీవంగా మార్చింది. క్షమించాలా వద్దా అన్నదాని జోలికి కోర్టు పోలేదు. అన్నేళ్లు కారణం చెప్పకుండా ఆపడమే జీవించే హక్కును దెబ్బతీసిందని చెప్పింది. హతులైన వాళ్ల కుటుంబాలకూ ఆ పదకొండేళ్లు న్యాయం చేయలేదన్నది గమనించాలి. ఆలస్యం రెండు వైపులా గాయపరిచింది. తర్వాత రాష్ట్ర మంత్రివర్గం 2018లో విడుదలకు సిఫారసు చేస్తే గవర్నర్ రెండేళ్లు దాటాక, 2021లో దాన్ని రాష్ట్రపతికి పంపేశారు. అలా పంపడానికి రాజ్యాంగంలో ఆధారమే లేదని 2022 మే 18న పేరరివాళన్‌ను విడుదల చేస్తూ సుప్రీంకోర్టు చెప్పింది. తేల్చాల్సినవాళ్లు తేల్చకుండా రాష్ట్రపతి పేరు మీదికి నెట్టేయడం ఎంత తేలికో ఈ ఒక్క ఫైలు చాలు చెప్పడానికి.

మంత్రివర్గం మాట కాదని రాష్ట్రపతి గట్టిగా నిలబడితే ఏమవుతుందో, రాష్ట్ర ప్రభుత్వాన్ని తప్పించి రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం చరిత్ర చెబుతుంది. 1991 జనవరి 30న కరుణానిధి ప్రభుత్వాన్ని రద్దు చేశారు. గవర్నర్ బర్నాలా నివేదిక ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అయినా గవర్నర్ నివేదిక వల్ల గానీ ‘మరో విధంగా’ గానీ అన్న మాటను ఆసరాగా తీసుకుని రద్దు జరిగిపోయింది. సంతకం పెట్టిన రాష్ట్రపతి ఆర్. వెంకటరామన్ ఈ రాష్ట్రంవారే, కామరాజ్ హయాంలో ఇక్కడ పరిశ్రమల మంత్రిగా చేసినవారే. ఒక్కసారి వెనక్కి పంపే హక్కు ఆయనకు ఉంది. వాడుకోలేదు. 1997లో కె.ఆర్. నారాయణన్ వాడుకున్నారు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని రద్దు చేయమన్న సలహాను తిప్పి పంపారు, గుజ్రాల్ మంత్రివర్గం వెనక్కి తగ్గింది. మధ్యలో 1994లో వచ్చిన బొమ్మై తీర్పు ఆయనకు అండ. సలహా ఏమిటో అడగకపోయినా, ఆ సలహాకు ఆధారమైన సమాచారాన్ని కోర్టు చూడవచ్చని అందులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. బెంగళూరులో కూలిన ప్రభుత్వానికి ముఖ్యమంత్రిగా ఉన్న బొమ్మై వేసిన కేసు దేశంలోని ముఖ్యమంత్రులందరికీ రక్షణ అయింది.

పూర్తిగా సొంత విచక్షణ వాడాల్సిన సందర్భం ఒక్కటే చెప్పుకోదగ్గది: ఎవరికీ మెజారిటీ లేనప్పుడు ప్రధానిగా ఎవరిని పిలవాలన్నది. దానికి అతి పెద్ద ఉదాహరణ అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. సంజీవరెడ్డి చరణ్‌సింగ్‌ను పిలిచి, సభలో బలం నిరూపించుకోమన్నారు. కాంగ్రెస్ మద్దతు జారిపోవడంతో చరణ్‌సింగ్ సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమన్నారు. జనతా పార్టీ నేత జగ్జీవన్‌రామ్ తనకు బలముందన్నారు. సంజీవరెడ్డి ఆయనకు అవకాశం ఇవ్వకుండా ఆగస్టు 22న సభను రద్దు చేశారు. ఒక్కరోజు కూడా సభ విశ్వాసం పొందని ప్రభుత్వం సలహా రాష్ట్రపతిని కట్టిపడేస్తుందా? కట్టిపడేయదనే చెప్పాలి. ఆయన ఎన్నికలే మేలనుకుని ఉండవచ్చు, కానీ దళిత నేత ఒకరికి ప్రధాని అయ్యే అవకాశం ఆ నిర్ణయంతో చేజారింది. తెలుగువాడన్న అభిమానంతో దీన్ని దాటవేయడం చరిత్రకు న్యాయం కాదు.

మరో తెలుగు రాష్ట్రపతి వి.వి. గిరిది ఇందుకు భిన్నమైన అనుభవం. తాత్కాలిక రాష్ట్రపతిగా 1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్‌పై సంతకం పెట్టారు. మద్రాసు కేంద్రంగా ఉన్న ఇండియన్ బ్యాంక్, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ కూడా అందులో ఉన్నాయి. మర్నాడు రాజీనామా చేసి ఎన్నికల్లో నిలబడి, సంజీవరెడ్డినే ఓడించారు. 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జాతీయీకరణ చట్టాన్ని కొట్టేసింది, రోజుల్లోనే కొత్త ఆర్డినెన్స్ మీద మళ్లీ ఆయనే సంతకం పెట్టారు. ఆ నిర్ణయం ఇందిరా గాంధీదని అప్పుడు దేశంలో తెలియనివారు లేరు. పొగిడినవాళ్లు ఆమెనే పొగిడారు, తిట్టినవాళ్లు ఆమెనే తిట్టారు. సంతకం ఎవరిదైనా జవాబు ఎవరు చెప్పాలో స్పష్టంగా ఉంది.

201వ అధికరణం కింద ఆగిపోయే బిల్లులకు ఆ స్పష్టతే కరువైంది. అది తేవడానికి రాజ్యాంగ సవరణ దాకా వెళ్లనక్కర్లేదు. రాష్ట్రపతికి వచ్చిన బిల్లులను నాలుగు నెలల్లో తేల్చాలని కేంద్ర రాష్ట్ర సంబంధాలను పరిశీలించిన సర్కారియా కమిషన్ 1988లోనే సూచించింది. అంతకన్నా ముఖ్యం, మూడు నెలల్లో నిర్ణయం జరగాలని కేంద్ర హోంశాఖే 2016 ఫిబ్రవరిలో తన శాఖాపరమైన ఆదేశాల్లో రాసుకుంది. 2025 ఏప్రిల్ తీర్పు మూడు నెలల గడువును తీసుకున్నది అక్కడి నుంచే. ఆ గడువు పెట్టే అధికారం కోర్టుకు లేకపోవచ్చు, తాను రాసుకున్న గడువును పాటించకుండా ప్రభుత్వాన్ని ఆపినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. చెన్నై నుంచి వెళ్లే ఎంపీలు, ఆ మాటకొస్తే హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వెళ్లేవాళ్లు కూడా, ప్రతి సమావేశంలో హోంమంత్రిని అడగాల్సింది ఇదే: మా సభ పంపిన ఏ బిల్లు ఏ తేదీన మీ శాఖకు చేరింది, ఏ శాఖ దగ్గర ఎన్ని నెలలుగా ఉంది, కాదనమని సలహా ఇస్తే ఏ కారణంతో ఇచ్చారు? రాష్ట్రపతిని సభలో నిలదీయలేం. హోంమంత్రిని నిలదీయవచ్చు.